పది రబ్బరు గింజలు

బ్రిక్‌ఫీల్డ్స్,
12 మార్చి 2024

పెద్దమ్మా,

ఈ ఉత్తరం పెదనాన్న చేత చదివించుకోకు. కళ్లజోడు పెట్టుకుని నువ్వే చదువు. ఆయన చదివితే ఆ గొంతు సుంగై సుమున్ ఊరంతా వినిపిస్తుంది.

నాకు నెల తప్పింది. నిన్న క్లినిక్‌కి వెళ్లాం. మిస్సీ హస్లిండా అని మంచి నర్సమ్మ ఉంది. పరీక్ష చేసి ఎనిమిది వారాలంది. నేను వేళ్ల మీద లెక్కేసి ఆరే కదా అన్నాను. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారట. అంటే బిడ్డ అసలు లేని రెండు వారాలు కూడా బిడ్డ వయసులోనే కలుస్తాయి. ఇప్పుడు చిక్కుడు గింజంత ఉంటుందట, గుండె మాత్రం అప్పుడే కొట్టుకుంటోందట. అక్టోబరు ఇరవైకి పురుడు అన్నారు. గులాబీ రంగు పుస్తకం ఒకటి ఇచ్చారు, ఇక ప్రతిసారీ అది పట్టుకుపోవాలి. రోజూ వేసుకోమని ఫోలిక్ యాసిడ్ మాత్రలిచ్చారు. బిడ్డ వెన్నెముక సరిగా ఏర్పడడానికి అవి కావాలట.

వాంతుల సంగతి అడగకు. కాఫీ వాసన వస్తే చాలు. నేను వాంతి చేసుకుంటుంటే చూసి కిశోర్ కూడా చేసుకుంటున్నాడు. రైళ్ల వర్క్‌షాపులో గ్రీజులో మునిగి పనిచేసే మనిషికి ఇంట్లో ఇదీ ధైర్యం.

ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. వీడియోలో నా నోరు కదలడం చూసి "అన్నం తిన్నావు కదా, సరే" అని పెట్టేస్తావు. అమ్మ ఉంటే ముందు అమ్మకి చెప్పేదాన్ని. పోయి ఆరేళ్లయింది. నాకు అక్షరాలు నేర్పింది నువ్వు, రబ్బరు ఎస్టేట్‌లో నువ్వు చూసుకున్న పిల్లల పాకలో, సిమెంటు నేల మీద సుద్దముక్కతో. అందుకే మొదటి ఉత్తరం నీకే. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పవద్దు.

నీ సుగంధి


సుంగై సుమున్,
18 మార్చి

మా సుగంధమ్మకి,

నేను ఎవరికీ చెప్పలేదు. మీ పెదనాన్నకి ఒక్కడికే చెప్పాను. ఆయన కొబ్బరికాయల రెంగసామికి ఒక్కడికే చెప్పాడు. ఇప్పుడు గుడిలో పూజారి నీ నక్షత్రం ఏమిటని అడుగుతున్నాడు.

తల్లీ, ఉత్తరం చదివి మీ అమ్మ ఫొటో దగ్గర కాసేపు కూర్చున్నాను. ఇంకేం రాయను, రాస్తే ఏడుపొస్తుంది. మంచి రోజున ఏడవకూడదు.

వాంతులకి చెబుతాను విను. పొద్దున కళ్లు తెరవగానే లేవకు. పక్క మీదే రెండు ఎండు బిస్కెట్లు నమిలి, కాసేపాగి లే. కడుపు ఖాళీగా ఉంచకు, నిండుగానూ ఉంచకు. గుక్కెడు నీళ్లు కూడా నిలవక ఒంటేలు తగ్గిపోతే మాత్రం ఇంట్లో పడుకోకు, క్లినిక్‌కి పో. మార్కెట్లో అమ్మే వేరుమందులు మిస్సీని అడగకుండా నోట్లో వేయకు. నేను కనలేదు గాని కన్నవాళ్లను ముప్పై ఒక్క ఏళ్లు చూశాను. ఏ పిచ్చిపని ఎవరు చేశారో అన్నీ గుర్తున్నాయి.

నువ్వు కడుపులో ఉండగా మీ అమ్మకి నెలకో డబ్బా సున్నుండలు చేసి పెట్టాను. అందుకే నీకు ఎముకలు గట్టి, నోరు ఇంకా గట్టి. ఆ లెక్కన నీకూ నెలకో డబ్బా. మొదటిది ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మీ పెదనాన్న పోస్టాఫీసుకి తీసుకెళ్తూ దారిలో తినకపోతే ఇరవై ఉండాలి. ఎంచుకో.

పెద్దమ్మ మరిడమ్మ


బ్రిక్‌ఫీల్డ్స్,
9 జూన్

పెద్దమ్మా,

మార్చి డబ్బాలో పదిహేడే ఉన్నాయి. తర్వాత వచ్చిన రెండూ నిండుగానే వచ్చాయి. పెదనాన్నకి నా నమస్కారాలు.

వాంతులు పోయాయి. ఇప్పుడు ఆకలి. కళ్లజోళ్ల షాపులో కస్టమర్‌కి అక్షరాల బోర్డు చూపించి చదవమంటూ కౌంటర్ కింద బన్ తింటున్నాను. నిన్నటి సంగతి చెప్పాలి. మోనోరైల్లో కూర్చున్నాను. కడుపులో చిన్న చేప పక్కకి తిరిగినట్టయింది. గ్యాస్ అనుకున్నాను. మళ్లీ తిరిగింది. పక్కన కూర్చున్న ముసలి చైనీస్ ఆవిడ నా మొహం చూసి, నా చేతిని తట్టి నవ్వింది. మాటలేమీ అక్కర్లేకపోయాయి.

ఐదో నెలలో బిడ్డ కదలిక తెలుస్తుందని మిస్సీ చెప్పింది. స్కానింగ్‌లో వెన్నెముక, గుండె గదులు, కాళ్లు, చేతులు అన్నీ చూశారు. అన్నీ ఉన్నాయి. ఆడో మగో మేం అడగలేదు. కిశోర్ మాత్రం తెర మీద ముక్కు చూసి తన ముక్కే అని గొడవ. ఆ ముక్కు రాకూడదని మొక్కుకో.

నీ సుగంధి


సుంగై సుమున్,
15 జూన్

సుగంధమ్మకి,

కదిలిందంటే మనిషి వచ్చినట్టే. ఇక నువ్వు ఒంటరిదానివి కావు, గదిలో ఎవరూ లేకపోయినా.

ఇప్పటినుంచి ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం అలవాటు చేసుకో. సాయంత్రానికి పాదాలు వాస్తే కాళ్లు ఎత్తు మీద పెట్టు, భయం లేదు. మొహం, చేతులు ఉబ్బినా, తల పగిలిపోతున్నట్టున్నా, కళ్లు మసకబారినా భయం ఉంది. అప్పుడు ఆ రోజే వెళ్లాలి. ఎస్టేట్ కూలీల ఇళ్లలో, మూడో లైన్లో శర్మిళ అని ఒక పిల్ల తలనొప్పికి బామ్ రాసుకుని రెండు రోజులు పడుకుంది. ఎస్టేట్ లారీలో తెలుక్ ఇంతాన్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. బతికింది, పిల్లాడూ బతికాడు. నా వెంట్రుకలు మాత్రం ఆ రాత్రే నెరిశాయి.

కిశోర్ ముక్కుకేం, బాగానే ఉంటుంది. ఈసారి సున్నుండల్లో నెయ్యి ఎక్కువ వేశాను.

పెద్దమ్మ


బ్రిక్‌ఫీల్డ్స్,
16 జూలై

పెద్దమ్మా,

ఇరవై ఆరు వారాలు నిండాయి. కదలికలు ఇప్పుడు చేపలా లేవు, ఇల్లు మారుతున్నట్టున్నాయి. పోయిన వారం క్లినిక్‌లో పరగడుపున రక్తం తీసి, తియ్యటి నీళ్లు తాగించి, రెండు గంటలు కూర్చోబెట్టి మళ్లీ తీశారు. ఇవాళ వెళ్తే నా గులాబీ పుస్తకానికి పసుపు రంగు కాగితం అంటించారు. ఇకనుంచి మిస్సీతో పాటు డాక్టర్ కూడా చూస్తారట. తిండి విషయంలో జాగ్రత్తగా ఉండమన్నారు.

నీ డబ్బా అందింది. నెయ్యి వాసన లిఫ్టు దాకా వచ్చింది. దాని గురించి నీకొక మాట రాయాలి గాని, మరోసారి రాస్తాను.

నీ సుగంధి


సుంగై సుమున్,
22 జూలై

బంగారు తల్లికి,

పసుపు రంగు అంటించారా. చదవగానే నాకు ఒళ్లు పులకరించింది. ఆ మలాయ్ పిల్ల హస్లిండా ఎంత మంచిదో చూడు, మనవాళ్లకి పసుపు శుభమని తెలిసి అంటించింది. డాక్టరే స్వయంగా చూస్తానన్నాడంటే నీ కడుపులోది మామూలు బిడ్డ కాదు. శుక్రవారం గుడిలో పాయసం పంచాను. ఎందుకని అడిగినవాళ్లందరికీ మా పిల్లకి పసుపు గుర్తు వచ్చిందని చెప్పాను. కడుపుతో ఉన్న వీరసామి కోడలు తనకి తెల్లదే ఇచ్చారని మొహం చిన్నబుచ్చుకుంది.

తిండి జాగ్రత్త అన్నారంటే సరిగ్గా తినడం లేదని కనిపెట్టారన్నమాట. అందుకే ఈసారి రెండు డబ్బాలు. పొద్దున రెండు, రాత్రి రెండు. మొహమాటపడకు.

పెద్దమ్మ


బ్రిక్‌ఫీల్డ్స్,
1 ఆగస్టు

పెద్దమ్మా,

ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను. కోప్పడకుండా చదువు.

పసుపు శుభానికి కాదు. నాకు కడుపుతో షుగర్ వచ్చింది. అందుకే ఆ కాగితం. ఈ దేశంలో మనవాళ్లలో చాలామందికి వస్తుందట, పురుడయ్యాక ఎక్కువమందికి పోతుందట. అన్నం కప్పుతో కొలిచి తింటున్నాను, భోజనం తర్వాత నడుస్తున్నాను, వేలికి సూది గుచ్చి చూసుకుంటున్నాను. అదుపులో ఉంది. అదుపు తప్పితే బిడ్డ మరీ లావవుతుంది, కాన్పు కష్టమవుతుంది. కాబట్టి సున్నుండలు నేను తినకూడదు.

ఇంకా దాచను. పోయిన నెలవీ, ఈ రెండు డబ్బాలూ ఎదురింటి ఇవాంజలిన్ తిన్నది. ఆమెదీ మన తెలుగు కుటుంబమే, క్లాంగ్ దగ్గర ఎస్టేట్ నుంచి వచ్చారు. రోజూ తలుపు కొట్టి "అక్కా, మీ పెద్దమ్మ సేతికి దేవుడు దీవెనివ్వాల లా. ఇంకో రెండున్నాయేటి?" అంటుంది, ఇక్కడ అందరిలాగే మాట చివర మలాయ్ "లా" తగిలించి. పోయిన ఆదివారం చర్చికి వేసుకునే గౌను జిప్పు పడక, నా మీద కోపంగా ఉంది.

ఆగస్టు 18 ఆదివారం నాకు గాజుల వేడుక పెట్టారు. అత్తగారు విజయరాణి అన్నీ చూసుకుంటున్నారు. "పిల్లలు గల ఐదుగురు ముందు గాజులెయ్యాల, అది మన వోడిక" అని పేర్లు కూడా రాసేశారు: ఆవిడ, ఆవిడ చెల్లెలు, కిశోర్ పిన్ని, మేడ మీది జాక్వెలిన్ ఆంటీ, రవీంద్రన్ మావయ్య భార్య. నువ్వు శనివారమే వచ్చేయి. పెదనాన్నకి బస్సు టికెట్ కిశోర్ పంపిస్తాడు.

నీ సుగంధి


సుంగై సుమున్,
7 ఆగస్టు

సుగంధికి,

ఉత్తరం అందింది. షుగర్ సంగతి డాక్టర్ చెప్పినట్టు చెయ్యి. సున్నుండలు ఇక పంపను.

వేడుకకి రాలేను. కాళ్లనొప్పులు. మీ అత్తగారు అన్నీ పద్ధతిగా చేస్తున్నారు, సంతోషం. గాజులు పగలకుండా చూసుకో.

మరిడమ్మ


బ్రిక్‌ఫీల్డ్స్,
20 ఆగస్టు

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఆరు వాక్యాలో ఏడో. పేరు పక్కన పెద్దమ్మ అని కూడా రాయలేదు. నాకు బాగా కష్టమేసింది.

సున్నుండలు ఇవాంజలిన్‌కి ఇచ్చినందుకు కోపమని తెలుసు. నువ్వు నెయ్యి కాచి, రుబ్బి, ఉండ చుట్టి పంపినదాన్ని నేను ఊళ్లోవాళ్లకి పంచానని. కాని ఏం చేయను? తింటే బిడ్డకి చెడు, చెబితే నీకు బాధ. చెప్పకుండా దాచి చివరికి నిన్ను ఇంకా బాధపెట్టాను. కాళ్లనొప్పులని రాశావు. పెదనాన్నని కిశోర్ ఫోన్‌లో అడిగితే, నువ్వు ఆ ఆదివారం గుడికి నడిచి వెళ్లి నడిచి వచ్చావని చెప్పాడు.

వేడుక బాగా జరిగింది. ఐదుగురూ గాజులు వేశారు, కుడిచేతికి. ఎడమ చెయ్యి ఇవ్వలేదు. అత్తగారు "ఒక సేతికే గాజులేటమ్మా, సూసినోళ్లు నవ్వుతారు లా" అన్నారు. "ఈ చెయ్యి మా పెద్దమ్మది, ఆవిడొచ్చినప్పుడు ఏస్తాది" అన్నాను. నవ్వేవాళ్లు నవ్వారు. షాపులో కూడా అడుగుతున్నారు. ఎడమ చెయ్యి ఇంకా ఖాళీగానే ఉంది.

నీ సుగంధి


సుంగై సుమున్,
26 ఆగస్టు

నా తల్లీ,

సున్నుండలకి కోపమా? ఎదురింటి పిల్ల తింటే నాకేం నష్టం. ఆ పిల్లకి జిప్పు పట్టకపోతే నా చేతికి బిరుదు వచ్చినట్టే. షుగర్ సంగతి రెండు వారాలు దాచినందుకు తిడతాను, అది వేరే సంగతి.

నిజం రాస్తాను. నేను పిల్లలు లేనిదాన్ని. పెళ్లయిన నలభై ఐదేళ్లలో ఏ గాజుల వేడుకలోనూ ముందు వరసలో కూర్చోలేదు. తెల్లవారగానే వెళ్లి పులిహోర కలిపి, పీటలు వేసి, ముహూర్తానికి ముందే వెనక గుమ్మం నుంచి వచ్చేస్తాను. నన్నెవరూ పొమ్మనలేదు. అనకముందే వచ్చేయడం నేర్చుకున్నాను. నీ ఉత్తరంలో పిల్లలు గల ఐదుగురి పేర్లు చూశాను. నువ్వు కూడా నాకు ఆ గుమ్మమే చూపించావనుకున్నాను. నీకేమైనా అయితే నా చెయ్యి తగిలిందంటారని భయం కూడా వేసింది. అందుకే కాళ్లనొప్పులు.

ఎడమ చెయ్యి ఖాళీగా ఉంచావని చదివి మీ పెదనాన్న కళ్లు తుడుచుకున్నాడు. నా కళ్లు చూసి అడిగితే ఉల్లిపాయలు తరుగుతున్నానని చెప్పాను. ఇంట్లో ఉల్లిపాయలు లేవు.

సున్నుండలకి బదులు ఈ గుడ్డసంచి పంపుతున్నాను. ఇందులో పది రబ్బరు గింజలున్నాయి. నీకు గుర్తుందో లేదో. తెల్లవారుజామున తల్లులు రబ్బరు చెట్లు గీయడానికి వెళ్తూ బిడ్డల్ని నా దగ్గర దించేవాళ్లు. దించిన తల్లి తన చేత్తో ఒక గింజ పాలడబ్బాలో వేయాలి. మధ్యాహ్నం బిడ్డను ఎత్తుకుని ఒక గింజ తీయాలి. డబ్బా ఖాళీ అయితేనే నేను పాక తలుపు మూసేదాన్ని. కూలీల మేస్త్రీ, ఆ కంగాణీ నవ్వేవాడు, చదువొచ్చినదానివి పుస్తకంలో రాసుకోరాదా అని. రాసింది తప్పవచ్చు, గింజ తప్పదు. ఒక్కరోజు ఒక గింజ మిగిలిపోయింది. అందరూ వెళ్లిపోయారనుకున్నాం, మీ అమ్మ చెట్ల మధ్య ఇంకా పనిలోనే ఉంది. వెతికితే నువ్వు ఉయ్యాల గుడ్డల మూటలో దూరి నిద్రపోతున్నావు, చెమటతో ముద్దయి. ఇంకాసేపు ఉంటే ఊపిరాడేది కాదు.

బిడ్డ తన్నులు లెక్కపెట్టాలని మిస్సీ చెప్పే ఉంటుంది. ఇక్కడి క్లినిక్‌లో కూడా చెబుతున్నారట, పొద్దున తొమ్మిది గంటలకి మొదలుపెట్టి రాత్రి తొమ్మిదిలోపు పది కదలికలు లెక్కపెట్టమని. కాగితం మీద గీతలు పెడితే నువ్వు కస్టమర్లతో మాట్లాడుతూ మరిచిపోతావు. కుడి జేబులో పదీ వేసుకో. తన్నినప్పుడల్లా ఒకటి ఎడమ జేబులోకి మార్చు. రోజూ ఎప్పటికి పదీ మారుతున్నాయో చూసుకో. ఏ రోజైనా కుడి జేబు బరువుగా ఉండిపోతే రాత్రి తొమ్మిదయ్యే వరకు కూర్చోకు. నన్ను అడగకు, అత్తగారిని అడగకు. లేచి ఆసుపత్రికి పో. ఉమ్మనీరు పోయినా, ఎర్రగా కనిపించినా అంతే.

పెద్దమ్మ


బ్రిక్‌ఫీల్డ్స్,
3 సెప్టెంబరు

పెద్దమ్మా,

ఆ ఐదు పేర్లు అత్తగారు చెప్పారు, నేను రాశాను. నువ్వెలా చదువుతావో నాకు తట్టనే లేదు. ఎందుకు తట్టలేదో కూడా ఆలోచించాను. నిన్ను పిల్లలు లేనిదానివని నేను ఏనాడూ అనుకోలేదు. లైన్లలో పిల్లలమందరం పొద్దున నీవాళ్లం, సాయంత్రం అమ్మలవాళ్లం. నాకు లెక్క అలాగే తెలుసు.

గింజలు షాపు కోటు జేబులో ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం భోజనంలోపే పదీ మారిపోతున్నాయి. నడిస్తే గలగలమంటున్నాయి. షాపు యజమాని, మా ముతలాలి సర్వేశ్, కళ్లజోడు స్క్రూలు ఎత్తుకుపోతున్నానేమో అని జేబు చూపించమన్నాడు. చూపించాను. ఆయన భార్యకి ఇప్పుడు ఆరో నెల. ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

ఎప్పుడొస్తావు?

నీ సుగంధి


బ్రిక్‌ఫీల్డ్స్,
2 అక్టోబరు

పెద్దమ్మా,

కిశోర్ ఫోన్‌లో పెదనాన్నకి "పాప పుట్టింది, ఇద్దరూ బాగున్నారు" అని మాత్రమే చెప్పాడు. మిగతాది నేను చెప్పాలి.

పోయిన గురువారం, ముప్పై ఏడో వారం నడుస్తోంది. మధ్యాహ్నం భోజనానికి జేబులు చూసుకుంటే ఎడమవైపు రెండే ఉన్నాయి. ఇంటికి వచ్చేసి, చల్లటి నీళ్లు తాగి ఎడమ పక్కకి పడుకున్నాను. ఒకటి మారింది. సాయంత్రం నాలుగు గంటలైంది. మూడు గింజలే. అత్తగారు అప్పుడే వచ్చారు. "నెలలు నిండితే బిడ్డకి జాగా సాలదమ్మా, అందుకే కదల్దు. సందేల దాకా సూద్దాం" అన్నారు. ఆవిడ మంచికే అన్నారు, ఆవిడకి అలాగే చెప్పారు ఎవరో. నేనూ కూర్చుండిపోయేదాన్నే. కాని కుడి జేబులో ఏడు గింజలు తొడకి తగులుతున్నాయి. ఉయ్యాల గుడ్డల మూట గుర్తొచ్చింది. లేచాను.

ఆసుపత్రిలో కడుపుకి బెల్టు కట్టి గుండె చప్పుడు విన్నారు. డాక్టరమ్మ మొహం చూస్తే తెలిసింది. బిడ్డ అలిసిపోయిందంది, ఇంకా ఉంచకూడదంది. ఆపరేషన్‌కి ముందు గాజులు తీయమన్నారు. తీయడానికి ఒక చేతివే ఉన్నాయని నర్సు ఆశ్చర్యపోయింది. గంటలోపు పాప ఏడుపు వినిపించింది. రెండు కిలోల ఏడు వందలు. బొడ్డుతాడు మెడకి రెండు చుట్లు ఉందట. రేపు పొద్దునదాకా ఆగి ఉంటే బిడ్డ దక్కేది కాదు, ఇవాళే వచ్చి మంచి పని చేశావు అంది డాక్టరమ్మ. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా పాప ఊపిరి చూసుకుంటున్నాను. నా షుగర్ దిగింది. ఆరు వారాలకి మళ్లీ చూస్తారు. ముక్కు కిశోర్‌దే, నీ మొక్కు పనిచేయలేదు.

అత్తగారు ఆ రాత్రి వరండాలో కూర్చుని ఏడ్చారట. మర్నాడు నాతో అన్నారు, "ఆవిడ గింజలంపకపోతే ఏటయిపోను. మీ పెద్దమ్మని రమ్మను. ఈ పిల్లని బయటోళ్లలో ముందు ఆవిడే ఎత్తుకోవాల." బయటోళ్లు అన్న మాట నేను దిద్దాను.

పెదనాన్న ఏం చెప్పాడో తెలుసా? "మీ పెద్దమ్మ సంచి సర్దీసి మూడ్రోజులై గుమ్మంకాడ కూకుంది. బస్సెక్కమంటే ఎక్కదు." పురిటింటికి అందరికంటే ముందు నేను రావచ్చా అనే కదా నీ ఆలోచన?

నాకు తొంభై ఎనిమిది రోజుల సెలవు. జనవరిలో షాపుకి వెళ్లాలి. నా బిడ్డను ఎక్కడ దించాలో నాకు ఒకటే చోటు తెలుసు. ఇంకా మూడు నెలలున్నా ఇప్పుడే దించుతున్నాను. ఈ ఉత్తరంలో ఒక గింజ పెట్టాను. పాప చేతిలో ఉంచి, పిడికిలి మూసి, తర్వాత తీసి పెట్టాను. నీ డబ్బాలో వేసుకో.

నీ సుగంధి


సుంగై సుమున్,
7 అక్టోబరు

సుగంధమ్మకి,

ఈ ఉత్తరం కంటే ముందు నేనే వస్తాను. అయినా రాస్తున్నాను. బిడ్డను నాకు అప్పగించినట్టు రాతలో ఉండాలి, రేపు మాట రాకూడదు.

గింజ అందింది. అటక మీద నుంచి మీ పెదనాన్న పాలడబ్బా దించాడు. మూత తుప్పు పట్టింది, లోపల శుభ్రంగానే ఉంది. ఎస్టేట్ మూసినప్పటి నుంచి అందులో ఏమీ వేయలేదు. గింజ వేశాను. నా చెవుల సంగతి నీకు తెలుసు, గుడిగంట కూడా సరిగా వినపడదు. ఇది వినపడింది.

పొద్దున ఎనిమిది గంటల బస్సు. డబ్బా నా ఒళ్లోనే ఉంటుంది. ఎడమ చేతికి పచ్చగాజులు కొన్నాను, నీ కొలత నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇవాంజలిన్‌కి సున్నుండలు తెస్తున్నాను, జిప్పు సంగతి తర్వాత చూసుకుందాం.

జనవరిలో కూడా నేను అక్కడే, మీ ఇంట్లోనే ఉంటాను. పనికి వెళ్లేటప్పుడు నీ చేత్తోనే గింజ వేసి వెళ్లాలి, రాగానే తీయాలి. మరిచిపోయిన తల్లులకి నేను ఎలాంటి తిట్లు తిట్టేదాన్నో మీ అమ్మకి తెలుసు. పైగా ఆ డబ్బా ఖాళీ అయ్యేదాకా నేను తలుపు మూయను.

పెద్దమ్మ